ఆగమ శబ్దార్థ విచారము



ఆలయమునకు వచ్చు భక్తులకు ఆగమమను మాట క్రొత్త కాదు. ఈ స్వామికి వైఖానసాగమము ననుసరించి అర్చన జరుగుచున్నదనియు, ఆ అమ్మవారికి పాంచరాత్రాగమ విధానమున ఉత్సవము జరుగుచున్నదనియు వినుచుందురు. తిరుమలలో వైఖానసము, తిరుచానూరులో పాంచరాత్రము ప్రమాణములు. శివాలయములకు కామికము మొదలుగా ఇరువదియెనిమిది శైవాగమములు చెప్పబడినవి. కావున ఆగమమనగానే మన మనస్సునకు గర్భాలయము, కలశము, ధూపదీపములు తోచుట సహజము.

అయితే ఈ శబ్దమునకు మరి రెండు నివాసములు కలవు. వ్యాకరణమున నొకటి, న్యాయస్థానమున నొకటి. వ్యాకరణము చదువుకొన్నవాడు ఆగమమనగా పదమునకు క్రొత్తగా వచ్చి చేరు అక్షరమనును. ధర్మశాస్త్రమున వ్యవహారకాండము చదివినవాడు ఆగమమనగా ఆస్తి తనకు వచ్చిన న్యాయమైన మార్గమనును. ఒకే శబ్దము ఈ మూడుచోట్ల ఎట్లు నిలిచినదో, ఆ మూడింటికిని గల చుట్టరికమేమో నేడు విచారింతము. ఈ విచారము కేవలము శబ్దముల ఆట కాదు. మా ఇంట ఒకానొకప్పుడు ఈ మాట యొక్క అర్థము మీదనే ఒక నేల నిలిచినది. దానిని చివర మనవి చేసెదము.

శబ్దము పుట్టిన తీరు

గమ్ ధాతువునకు పోవుట అర్థము. దానికి ముందు ఆఙ్ అను ఉపసర్గ చేరినచో అర్థము తిరుగబడి వచ్చుట యగును. ఆగమనము, ఆగంతుకుడు, ఆగామి మున్నగునవన్నియు ఈ కుదురునుండి పుట్టినవే. కావున ఆగమమునకు మూలార్థము వచ్చినది, లేక వచ్చుట. ఏది వచ్చినది? ఎచ్చటనుండి వచ్చినది? ఏ దారిని వచ్చినది? ఈ మూడు ప్రశ్నలకు ఒక్కొక్క శాస్త్రము ఒక్కొక్క సమాధానము చెప్పినది.

గురుశిష్య పరంపరగా వచ్చిన శాస్త్రవచనము ఆగమము. యోగసూత్రములలో పతంజలి ప్రత్యక్షము, అనుమానము, ఆగమము అని మూడు ప్రమాణములను చెప్పినాడు. అచ్చట ఆగమమనగా ఆప్తుని వాక్యము. మహాభాష్యకారుడు వ్యాకరణము చదువుటకు ఐదు ప్రయోజనములను చెప్పుచు అందులో ఆగమమును ఒకదానిగా లెక్కించినాడు. అచ్చట దాని అర్థము వేదవిధి. ఫలాపేక్ష లేకుండ షడంగములతో వేదమును చదువవలెనను శాసనమే ఆ ఆగమము. శైవులు, ఈ శబ్దములోని మూడు అక్షరములను విడదీసి, శివుని ముఖమునుండి వచ్చినది, పార్వతిని చేరినది, విష్ణువునకు సమ్మతమైనది అని నిర్వచనము చెప్పుదురు. అందును వచ్చినది అనునదే మొదటి మాట. పైనుండి మన వరకు ఎడతెగక వచ్చినది గనుకనే దానికి ప్రామాణ్యము.

వ్యాకరణమున ఆగమము

ఇక వ్యాకరణమునకు వత్తము. శబ్దములకు కలుగు మార్పులలో ఆగమము, ఆదేశము, లోపము ముఖ్యములు. ఉన్నది పోవుట లోపము. ఉన్నదానిని తొలగించి దాని స్థానమున మరియొకటి కూర్చుండుట ఆదేశము. ఉన్నది ఉండగానే దాని ప్రక్కకు మరియొకటి వచ్చి చేరుట ఆగమము. అందుకే పెద్దలు ఆగమమును మిత్రునితోను, ఆదేశమును శత్రువుతోను పోల్చి చెప్పుదురు. శత్రువు ఇంటివానిని వెడలగొట్టి ఇల్లు పట్టుకొనును. మిత్రుడు ఇంటివాని ప్రక్కన కూర్చుండును.

రామ శబ్దమునకు షష్ఠీ బహువచనమున ఆమ్ ప్రత్యయము రాగా, దానికి ముందు నుట్ అను ఆగమము వచ్చి నకారము నిలుచును. అదియే ణకారమై రామాణామ్ అను రూపము సిద్ధించును. భూ ధాతువునకు భవిష్యత్కాలమున ఇట్ అను ఆగమము వచ్చి భవిష్యతి యగును. ఈ వచ్చినది ఎచ్చట నిలువవలెనో తెలుపుటకు పాణిని మహర్షి ఒక గుర్తు పెట్టినాడు. ప్రథమాధ్యాయము ప్రథమపాదములోని 46, 47 సూత్రములు ఇందులకే యున్నవి. టకారము గుర్తుగా గలది మొదట నిలుచును. కకారము గుర్తుగా గలది చివర నిలుచును. మకారము గుర్తుగా గలది చివరి అచ్చునకు తరువాత నిలుచును. సుకృత్ అను శబ్దమున చివరనున్న తకారము తుక్ అను ఆగమము. కకారము గుర్తు గనుక అది చివరకు పోయినది.

మన తెలుగు వ్యాకరణమును ఈ దారినే నడచినది. పరవస్తు చిన్నయసూరి 1858లో ప్రకటించిన బాలవ్యాకరణమున యడాగమము, టుగాగమము, నుగాగమము, రుగాగమము మున్నగునవి కలవు. మా అమ్మ అనునది మాయమ్మ యగునపుడు వచ్చిన యకారమునకు యట్ అని పేరు. టకారము గుర్తు గనుక అది పరమున నున్న అచ్చునకు ముందు నిలిచినది. పేద ఆలు అనునది పేదరాలు అగునపుడు వచ్చిన రేఫమునకు రుక్ అని పేరు. కకారము గుర్తు గనుక అది పూర్వపదమునకు చివర నిలిచినది. పిల్లలు బడిలో ఈ పేర్లను వల్లించుదురేగాని, ఆ టకార కకారములు పాణిని నాటి గుర్తులని ఎవరును చెప్పరు.

ఇచ్చట రెండు విషయములను మనస్సున నుంచుకొనవలెను. ఒకటి: శాస్త్రము విధించిననే గాని ఆగమము రాదు. నోటికి వచ్చిన అక్షరమును తెచ్చి పదమున చేర్చినచో అది ఆగమము కాదు, అపశబ్దమగును. రెండు: విధి ననుసరించి వచ్చిన ఆగమము తాను చేరినదానికి అవయవమైపోవును. దానిని పేర్కొన్నచో దీనిని పేర్కొన్నట్లే యని వ్యాకరణమున ఒక పరిభాష కలదు. పిమ్మట దానిని పరాయిదనుటకు వీలు లేదు. గుర్తుగా నున్న టకార కకారములు ప్రయోగమున కనబడవు. పని ముగియగానే లోపించును. కాని అది ఏ దారిని వచ్చినదో శాస్త్రజ్ఞుడు అడిగినచో చెప్పవలసినదే.

వ్యవహారమున ఆగమము

ఈ రెండు నియమములను వెంటబెట్టుకొని ధర్మశాస్త్రములోనికి పోవుదము. ఒక పొలము ఒకడు దున్నుకొనుచున్నాడు. అది వానిదేనా? దున్నుట కంటికి కనబడును. ఇది భుక్తి, లేక భోగము. అది వానికి ఎట్లు వచ్చినదనునది కంటికి కనబడదు. ఇది ఆగమము. మన తెలుగు దస్తావేజులలో హక్కుభుక్తములు అని జంటగా వ్రాయుట అందరెరిగినదే. ఆ జంట యందలి హక్కునకు మూలము ఆగమము.

మనుస్మృతి పదియవ అధ్యాయమున ధర్మసమ్మతమైన విత్తాగమములు ఏడని చెప్పబడినది. దాయముగా వచ్చినది, లాభముగా దొరికినది, కొన్నది, జయించినది, వడ్డీకిచ్చి పొందినది, పనిచేసి పొందినది, సజ్జనునినుండి ప్రతిగ్రహించినది. ఈ ఏడు దారులలో ఏదియో ఒకదానిని రావలెను. ఎనిమిదవ అధ్యాయమున మనువు మరియొక మాట చెప్పినాడు. అనుభవము కనబడుచుండి ఆగమము ఎచ్చటను కనబడనిచో, ఆగమమే కారణముగాని అనుభవము కాదని ఆయన తీర్పు. నారదస్మృతి ఇంకను కఠినముగా మాటాడినది. ఆగమము లేకుండ అనేక శతాబ్దములు అనుభవించినను వానిని చోరునివలె దండింపవలెనన్నది.

యాజ్ఞవల్క్యుడు ఈ విషయమును తూనికలో పెట్టి చూచినాడు. వ్యవహారాధ్యాయమున ప్రమాణములు మూడనినాడు: వ్రాత, భుక్తి, సాక్షులు. భోగముకంటె ఆగమము అధికమనినాడు. అయితే పూర్వులనుండి క్రమముగా వచ్చిన భోగమునకు మినహాయింపు నిచ్చినాడు. అంతటితో ఆగక, కొంచెమైనను భోగము లేనిచోట ఆగమమునకును బలము లేదనినాడు. అనగా కాగితము పెట్టెలో నుంచుకొని నేలవంక చూడనివానికిని, నేలను పట్టుకొని కాగితము లేనివానికిని, ఇరువురకును ఆయన హెచ్చరిక చేసినాడు. ఆస్తిని సంపాదించినవాని మీద అభియోగము వచ్చినచో వాడే ఆగమమును నిరూపింపవలెను. అతని కుమారునికి, మనుమనికి ఆ భారము లేదు, వారికి భుక్తియే బరువైనది. మానవుని జ్ఞాపకమునకు, కాగితపు ఆయుర్దాయమునకు గల పరిమితి నెరిగినవాడు గనుకనే ఇట్లు చెప్పినాడు.

ఈ స్మృతికి మితాక్షర యను వ్యాఖ్యను వ్రాసినవాడు విజ్ఞానేశ్వరుడు. పశ్చిమ చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుడు 1076 నుండి 1126 వరకు కళ్యాణమును రాజధానిగా చేసికొని పాలించినాడు. నేడు కర్ణాటకమున బీదరు జిల్లాలో బసవకళ్యాణమని పిలువబడునది ఆ నగరమే. ఆ ప్రభువు కాలముననే మితాక్షర పుట్టినది. పరుడు తన కండ్లయెదుట అనుభవించుచుండగా ఇరువదేండ్లు నోరు మెదపనివానికి భూమి హాని కలుగునని యాజ్ఞవల్క్యుడు చెప్పియున్నాడు. విజ్ఞానేశ్వరుడు ఆ వాక్యమును పట్టుకొని, నశించునది భూమి కాదు, గడచిన కాలపు ఫలమేయని సిద్ధాంతము చేసినాడు. ఊరకున్నందుకు పండిన పంటను పోగొట్టుకొనునుగాని నేలను పోగొట్టుకొనడు. భోగము దానంతట అది హక్కును పుట్టింపజాలదు. హక్కు కలదని ఊహించుటకు అది సాధనము మాత్రమే.

ఎట్టి భోగము అట్టి సాధనమగును? ఆగమముతో కూడినది, దీర్ఘకాలమైనది, నడుమ తెగనిది, ఇతరులు ఆక్షేపింపనిది, ప్రత్యర్థి ఎదుట జరిగినది అని ఐదు లక్షణములు చెప్పుదురు. మనుష్యుని జ్ఞాపకము అందునంత కాలమును, అనగా నూరేండ్లను, విజ్ఞానేశ్వరుడు ఒక హద్దుగా పెట్టినాడు. ఆ లోపల ఆగమమును చూపవలసినదే. అంతకు మించిన కాలమున ఎడతెగని అనుభవమునుబట్టి ఆగమమును ఊహించవచ్చును. కాని ఇచ్చట ఆయన ఒక సూక్ష్మమైన మాట చేర్చినాడు. నూరేండ్లు దాటినను, ఇది ఆగమము లేని అనుభవమేయను స్మృతి పరంపరగా వచ్చుచున్నచో, ఆ భోగము ప్రమాణము కాదు. ఈ మాటను దయచేసి గుర్తుంచుకొనుడు.

తెలుగునేలపై ఈ రెండు శాస్త్రముల కలయిక

వ్యాకరణమును, వ్యవహారమును ఒకే చేతితో పట్టినవారు మన దేశమున లేకపోలేదు. పదమూడవ శతాబ్దమున మూలఘటిక కేతన యను కవి యుండెను. దశకుమారచరిత్రమును తెనిగించి తిక్కనసోమయాజికి అంకితమిచ్చి, అభినవదండి యని పేరు పొందినాడు. తెలుగుభాషకు తెలుగులోనే వ్రాయబడిన మొదటి వ్యాకరణమైన ఆంధ్రభాషాభూషణము ఈయనదే. మితాక్షరను అనుసరించి విజ్ఞానేశ్వరీయమను పేర ధర్మశాస్త్రమును తెలుగు పద్యములలో వ్రాసినదియు ఈయనయే. మాట ఎట్లు సాధువగునో చెప్పినవాడే సొత్తు ఎట్లు సాధువగునో చెప్పినాడు.

అంతకు పూర్వము నన్నయభట్టారకుని చూడుడు. రాజరాజనరేంద్రుడు నందంపూడి గ్రామమును నారాయణభట్టునకు దానముచేసిన తామ్రశాసనము సుమారు 1053 నాటిది. భారతరచనలో నన్నయకు తోడ్పడినవాడు ఆ నారాయణభట్టు. ఆ శాసనములోని కావ్యభాగమును రచించినవాడు నన్నయ. వాగనుశాసనుడని మనము కొలుచు ఆ మహనీయుడు ఒక గ్రామమునకు ఆగమమును వ్రాసినాడన్నమాట. ఆంధ్రశబ్దచింతామణి యను వ్యాకరణమును పరంపర ఆయనదిగనే చెప్పును. దానినిగూర్చి పరిశోధకులలో భిన్నాభిప్రాయములున్నను, శాసనము విషయమున సందేహము లేదు.

రాజు భూమినిచ్చునపుడు వస్త్రము మీదగాని, రాగిరేకు మీదగాని తన వంశమును, దానప్రమాణమును, కాలమును వ్రాయించి, ముద్రవేసి, స్వహస్తముతో స్థిరము చేయవలెనని యాజ్ఞవల్క్యుడు ఆచారాధ్యాయమున విధించినాడు. రాబోవు మంచి రాజులు తెలిసికొనుటకే యది. మన ఆలయ ప్రాకారములలో, ధ్వజస్తంభముల చెంత, మండపముల స్తంభముల మీద చెక్కియున్న శిలాశాసనములన్నియు ఆ విధి యొక్క ఫలములే. వానికి సున్నము పూయుట, మెట్లుగా వాడుట పాపమని మేము చెప్పుట భక్తిచేత మాత్రమే కాదు. అవి స్వామివారి దస్తావేజులు.

నేటి చట్టము

నేటి న్యాయము మరియొక దారిని నడచుచున్నది. 1963 నాటి కాలపరిమితి చట్టము ప్రకారము ఒకని స్థిరాస్తిని మరియొకడు బహిరంగముగను, ఎడతెగకయు, సొంతదారునకు ప్రతికూలముగను 12 ఏండ్లు అనుభవించినచో, సొంతదారు దావా వేయు హక్కును కోల్పోవును. ప్రభుత్వ భూమికి ఆ గడువు 30 ఏండ్లు. దేవుని ఆస్తిని కాపాడుటకు వేరు శాసనములున్నవి. దేవుని న్యాయస్థానములు ఆస్తి గల వ్యక్తిగను, ఎన్నటికిని మైనరుగను పరిగణించుచున్నవి. చట్టమును నిందించుట మా ఉద్దేశము కాదు. వ్యాజ్యములకు ఎక్కడనో ఒకచోట అంతము కావలెను. అయితే చట్టము అడుగు ప్రశ్న వేరు, ధర్మము అడుగు ప్రశ్న వేరు. ఎన్నాళ్ళనుండి నీ చేతిలో నున్నదని చట్టము అడుగును. నీ చేతికి ఎట్లు వచ్చినదని ధర్మము అడుగును.

మా ఇంటి సంగతి

ఇక మొదట మాట యిచ్చిన సంగతి. మాకు పదునాలుగేండ్ల వయస్సున గురువుగారి యింట చదువుచుంటిమి. ఉదయము వ్యాకరణము, సాయంకాలము ధర్మశాస్త్రము. మా ఊరి దేవాలయము ప్రక్కన మా పొలమునకు ఆనుకొని ఇరువది సెంట్ల కొబ్బరితోట యుండెను. మా ముత్తాతగారి నాటినుండి మా యింటివారే అనుభవించుచుండిరి. ఏ కాగితమును లేదు. ఎవరును అడుగలేదు. మా అక్కగారి వివాహము నిశ్చయమైనది. చేతిలో డబ్బు లేదు. తండ్రిగారు ఆ తోటను అమ్మజూపిరి. కొనువాడును సిద్ధమయ్యెను. పట్టణమున వకీలుగారు, పన్నెండేండ్లు ఏనాడో గడచినవి, నిశ్చింతగా అమ్ముకొనవచ్చునని చెప్పిరి.

మా బామ్మగారు మాత్రము ఆ చెట్ల కాయను ఒక్కటియు వంటయింటికి రానిచ్చెడివారు కారు. దేవాలయమునకో, వచ్చిన అతిథికో ఇప్పించెడివారు. ఆనాడు తండ్రిగారిని పిలిచి, "నాయనా, అది స్వామివారి నేల అని మా అత్తగారు నాతో చెప్పినారు. ఆవిడకు వాళ్ళ అత్తగారు చెప్పినారట. అమ్మితే నీ ఇష్టము" అని ఊరకుండిరి.

తండ్రిగారు మా గురువుగారి వద్దకు వచ్చి అడిగినారు. గురువుగారు అమ్ముమనలేదు, వలదనలేదు. మితాక్షర తాటాకు ప్రతిని తీయించి, మేము పైన చెప్పిన పంక్తిని మాచేత చదివించినారు. ఆగమము లేదను స్మృతి పరంపరగా వచ్చుచుండగా, ఎంతకాలపు భోగమైనను ప్రమాణము కాదు. పిమ్మట మమ్ము చూచి, "ఉదయము ఏమి చదివితివిరా? విధి లేని ఆగమము కలదా?" అని యడిగినారు. లేదంటిమి. తండ్రిగారు ఇంకేమియు అడుగక లేచినారు.

మరుసటి వారము దస్తావేజు వ్రాయించునపుడు, వ్రాయువాడు అలవాటు చొప్పున దేవునికి దానమిచ్చితిమని వ్రాయబోయెను. తండ్రిగారు ఆపినారు. మనది కానిదానిని మనము దానమెట్లు చేయుదుమని, స్వామివారి నేలను స్వామివారికి అప్పగించితిమని వ్రాయించినారు. ఆ అప్పగింతతో మా కుటుంబమునకు పుణ్యము వచ్చినదని మేము చెప్పము. మా అక్కగారి వివాహమునకు చేసిన అప్పు తీరుటకు ఆరేండ్లు పట్టినది. ఆ ఆరేండ్లు మా అమ్మగారు పడిన ఇక్కట్టులు మేమెరుగుదుము. అయినను ఒక మాట చెప్పగలము. ఆ తోట దిక్కు చూచి మా ఇంటివారెవరును ఆనాటినుండి తలవంచుకొని నడువలేదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. మూడు ఆగమములకు గల చుట్టరికమేమి? ఇది మా ఊహ, శాస్త్రకారుల మాట కాదు. అర్చనలో నైనను, అక్షరములో నైనను, ఆస్తిలో నైనను వచ్చినదానికి విలువ వచ్చిన దారివలన కలుగుచున్నది. గర్భాలయమున మంత్రము పరంపరను తప్పిన శుద్ధము కాదు. పదమున అక్షరము సూత్రమును తప్పిన సాధువు కాదు. ఇంటిలో సొత్తు న్యాయమార్గమును తప్పిన మనది కాదు. దారి సరియైనదైనచో వచ్చినది మనకు అవయవమై, మిత్రుని వలె ప్రక్కన కూర్చుండును. దారి తప్పినదైనచో అది శత్రువు వలె మన స్థానమున తాను కూర్చుండును.

స్వామి సన్నిధికి వచ్చినపుడు మనము తెచ్చిన టెంకాయ ఏ చెట్టుదో, హుండీలో వేసిన రూపాయి ఏ దారిని వచ్చినదో ఒక్కసారి మనస్సులో తలచుకొనుడు. ఇంటిలోని పెద్దలు, ఇది మనది కాదని ఎప్పుడైన చెప్పియున్నచో ఆ మాటను మరువకుడు, పిల్లలకు చెప్పుడు. మితాక్షర ప్రకారము ఆ జ్ఞాపకమును ఒక ప్రమాణమే.

స్వస్తి.